ఫీల్డ్ షోలో కథ ఎవరు చెప్పాలి: మైకా, రికార్డింగా, గుంపు గొంతా, మాట లేని నాటకమా?

మార్చింగ్ బ్యాండ్ మైదానంలో నడుస్తూ వాయించే ఫీల్డ్ షోకు ఇతివృత్తం ఖరారవుతుంది, సంగీతాన్ని వాద్యాలకు పంచి రాసే అరేంజర్ పని మొదలుపెడతాడు, డ్రిల్ (ఎవరు ఎప్పుడు ఎటు నడవాలన్న పథకం) సగం రాసేస్తారు. అప్పుడు డిజైన్ మీటింగులో ఎవరో ఒకరు "ఇక్కడ ఒక వాయిస్‌ఓవర్ పడితే బాగుంటుంది" అంటారు. పది సార్లలో ఎనిమిది సార్లు ఆ మాట వెనక ఉన్నది కథ అర్థం కావడం లేదన్న భయం. మాట అసలు కావాలా వద్దా అన్నది తేలకముందే ఏ మైకు కొనాలన్న చర్చ మొదలైపోతుంది.

ఇది అమెరికాలోని హైస్కూలు, కాలేజీ మార్చింగ్ బ్యాండ్‌లు, డ్రమ్ కోర్‌ల (బ్రాస్, డ్రమ్ములతో పోటీపడే బృందాలు) డిజైనర్ల కోసం రాసింది. ఐదు దారులు ఉన్నాయి: మాట లేని నాటకం, మైకు లేకుండా గుంపంతా పలకడం, పిట్ (మైదానం ముందు అంచున కదలకుండా వాయించే తాళవాద్యాల బృందం) దగ్గర నిలబడి చెప్పే సూత్రధారి, మైదానంలో తిరుగుతూ మాట్లాడే నటుడు, ముందే రికార్డు చేసి, మీట నొక్కితే దాన్ని వినిపించే శాంప్లర్‌తో వదిలే గొంతు. ఏది ఎంచుకున్నా ముందు ఒక వడపోత ఉంది. రాసుకున్న ప్రతి వాక్యాన్నీ పట్టుకుని, ఈ సంగతిని మైదానం చూపించలేదా అని అడగండి. "ఆమె గుండె పగిలింది" అన్న వాక్యం దండగ, ఆ పని బారిటోన్ వాద్యపు సోలో చేస్తుంది. "1918 నవంబరు 11, ఉదయం పదకొండు గంటలు" అన్న వాక్యం పనికొస్తుంది, ఎందుకంటే తేదీని ఏ స్వరమూ చెప్పలేదు. పేరు, ఏడు, ఊరు, ఎవరు ఎవరికి రాసిన ఉత్తరం, ఇలాంటివి మిగులుతాయి. భావాన్ని వర్ణించే వాక్యాలు దాదాపు అన్నీ రాలిపోతాయి.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదటిది, అర్థం కావడం. వినబడటం వేరు, అర్థం కావడం వేరు. మాటకు అర్థాన్నిచ్చేవి ఎక్కువగా హల్లులు. వాటి శక్తి ముఖ్యంగా 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. ట్రంపెట్ల మెరుపు, స్నేర్ చిటపట, సింబల్ రోల్ కూడా అక్కడే కూర్చుంటాయి. గొంతు వాల్యూమ్ పెంచితే ముందుగా అచ్చులే పెద్దగా వినబడతాయి, హల్లులు అంతగా తేలవు. దీనికి మందు మిక్సర్ దగ్గర లేదు, అరేంజర్ దగ్గర ఉంది. మాట నడిచే చోట నిలిపి ఉంచిన మెత్తని కార్డు, కింది స్థాయి మరింబా లేదా వైబ్రాఫోన్ చాలు. స్నేర్లు, సింబల్స్ పూర్తిగా ఆగాలి. సస్పెండెడ్ సింబల్ రోల్ మీద మాట పెడితే "స", "ఫ", "ట" లాంటి శబ్దాలు మొదట మాయమవుతాయి.

స్పీకర్ల అమరిక కూడా ఇందులో భాగమే. 30 గజాల గీత నుంచి అవతలి 30 గజాల గీత దాకా, అంటే 40 గజాల ఎడంతో రెండు స్పీకర్లు పెట్టి రెండింట్లోనూ గొంతు వదిలారనుకోండి. ఒక స్పీకర్‌కు ఎదురుగా 15 మీటర్ల దూరంలో కూర్చున్న ప్రేక్షకుడికి రెండో స్పీకర్ ధ్వని దాదాపు 70 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. మాట పూసినట్టు వినబడటానికి ఆ తేడా చాలు. సంగీతానికి రెండు వైపులా వాడుకోండి, మాటకు మాత్రం మధ్యలో ఒక జత పెట్టి అందులోంచే పంపండి. ఇండియానాపోలిస్‌లోని లూకస్ ఆయిల్ స్టేడియం లాంటి కప్పున్న చోట్ల ఇది ఇంకా ముఖ్యం. అక్కడ ప్రతిధ్వని తగ్గేదాకా వాక్యానికీ వాక్యానికీ మధ్య దాదాపు రెండు సెకన్ల ఖాళీ కావాలి.

రెండోది, లయతో జత. ధ్వని సెకనుకు సుమారు 1,125 అడుగులు పోతుంది. హైస్కూలు మైదానంలో వెనక హాష్ (మైదానం పొడవునా సాగే గుర్తుల వరస), ముందు సైడ్‌లైన్‌కు 106 అడుగుల 8 అంగుళాల దూరంలో ఉంటుంది. అక్కడ నిలబడిన బ్యాటరీ (నడుస్తూ వాయించే డ్రమ్ముల బృందం) దెబ్బ ముందుకు రావడానికి దాదాపు 95 మిల్లీసెకన్లు పడుతుంది. 160 టెంపోలో పదహారో నోటు నిడివి కూడా దాదాపు అంతే. ముందు నిలబడి మాట్లాడేవాళ్ళు, చేతులతో తాళం చూపే డ్రమ్ మేజర్ చేతుల్ని చూసి మొదలుపెడితే బ్యాండ్ కంటే ముందే పడతారు. పిట్ చేసినట్టే వెనక నుంచి వచ్చే ధ్వనిని విని మొదలుపెట్టాలి.

మూడోది, చెడితే ఏమవుతుంది. చాలామంది దీన్ని అసలు అడగరు. ట్రంపెట్ సోలో విఫలమైతే ఎనిమిది బార్లు పోతాయి. కథంతా మోస్తున్న మైకు చచ్చిపోతే మిగిలిన షో మొత్తం అర్థం లేని కదలికలవుతుంది.

మిగతావి త్వరగా. మిక్సర్ దగ్గర కూర్చునే మనిషి ఉన్నారా? సెటప్‌కు దొరికే కొద్ది నిమిషాల్లో ఎన్ని తీగలు పెడతారు? స్కోరు సంగతి చూస్తే, డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ (డీసీఐ) పోటీల షీట్లలో 100 పాయింట్లకు జనరల్ ఎఫెక్ట్ (షో మొత్తం ప్రభావం) 40, విజువల్ 30, మ్యూజిక్ 30. వ్యాఖ్యానానికి ప్రత్యేక గడి లేదు. బాగుంటే ఎఫెక్ట్‌లో లాభం. సంగీతాన్ని కప్పేస్తే మ్యూజిక్‌లో నష్టం, అర్థం కాకపోతే రెండింట్లోనూ నష్టం.

ఇంకొకటి: ఒకే షోను సీజనంతా వింటారు. పదోసారి విన్నా కొత్తగా ఉండే వాక్యాలు తక్కువ. ది కెడెట్స్ కోర్ 2006 నుంచి 2008 దాకా వరుసగా మాట బాగా దట్టించిన షోలు చేసింది. వాటి మీద అభిమానులు రెండుగా చీలిపోయారు. వాయింపు స్థాయిని తప్పుపట్టినవాళ్ళు అరుదు, సంగీతం మధ్యలో ఆగకుండా మాట్లాడుతున్నారన్నదే గొడవ.

| పద్ధతి | అర్థమయ్యే అవకాశం | లయతో జత | కావాల్సిన మనుషులు | చెడే తీరు |
|---|---|---|---|---|
| మాట లేని నాటకం | దూరం నుంచి భంగిమ బట్టి | సులువు | గార్డ్ (జెండాలతో నర్తించే బృందం), నటన నేర్పే ఒకరు | గాలి, చక్రాలు, గందరగోళపు దృశ్యం |
| గుంపు గొంతు | మూడు నాలుగు అక్షరాలకు మంచిది | దగ్గరగా నిలబడితే బాగా | అదనంగా ఎవరూ వద్దు | పలుకు చెదరడం |
| పిట్ దగ్గర సూత్రధారి | చాలా మంచిది | మంచిది | ఒక గొంతు, ఒక మిక్సర్ ఆపరేటర్ | తడబాటు, గాలి హోరు |
| మైదానంలో నటుడు | మధ్యస్థం | కష్టం | నటుడు, బదులు మనిషి, నిపుణుడైన ఆపరేటర్ | వైర్‌లెస్ తెగడం, చెమట, ఊపిరి |
| రికార్డింగ్ | అన్నిటికంటే స్థిరం | ముక్కలు చేస్తే మంచిది | ఒక సింథ్ ప్లేయర్ | తప్పు మీట, ల్యాప్‌టాప్ మొరాయింపు |

మాట లేని నాటకం

డీసీఐలో యాంప్లిఫికేషన్‌కు 2004లో గానీ దారి తెరుచుకోలేదు. అంతకుముందు కథ చెప్పాలంటే ఆంగికం, ఆహార్యమే దిక్కు. డ్రమ్ కోర్ శాంటా క్లారా వ్యాన్‌గార్డ్ 1989లో 'ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా' షోతో ఛాంపియన్‌షిప్ గెలిచింది ఆ రోజుల్లోనే. మైకు లేకపోతే కథ అందదన్న వాదనకు ఆ ఒక్క షో చాలినంత జవాబు.

ఈ పద్ధతిలో తప్పు ఎప్పుడూ కొలతలోనే జరుగుతుంది. స్టాండ్స్ పైన ఉండే ప్రెస్ బాక్స్ నుంచి ముఖం కనబడదు. వేళ్ళతో, కళ్ళతో చేసే అభినయం వృథా. కదలిక భుజం నుంచి మొదలవ్వాలి, చివరి భంగిమ కనీసం నాలుగు కౌంట్లు నిలవాలి. కథకు కీలకమైన క్షణంలో మైదానంలో మిగతా చోట్ల ఎవరూ కదలకూడదు, లేదా అందరి ముఖాలూ ఆ పాత్ర వైపే తిరగాలి. ముఖ్యపాత్ర దుస్తుల రంగు పచ్చ టర్ఫ్ మీదా, బ్యాండ్ యూనిఫాం పక్కనా విడిగా కనబడాలి. ముదురు నీలం యూనిఫాంల మధ్య నల్ల కోటు వేసిన విలన్ ప్రేక్షకులకు లేనట్టే.

ప్రాప్స్ విషయంలో ఎత్తు పరిమితులు పోటీకో రకంగా ఉంటాయి, గీసేముందే చదవండి. టర్ఫ్ మీద చిన్న గట్టి చక్రాలు దిగబడతాయి, గాలి నింపిన 8 అంగుళాల చక్రాలు నయం. నిలువు ప్యానెల్ అయితే గుడ్డ బదులు మెష్ వాడి అడుగున బరువు పెట్టండి. జిమ్‌లో బాగున్న ప్యానెల్ బయటి గాలికి తెరచాపలా పనిచేస్తుంది.

గుంపు గొంతు

అందరూ చిన్నచూపు చూసేది దీన్నే. ఖర్చు సున్నా. ఫాంటమ్ రెజిమెంట్ కోర్ 2008లో 'స్పార్టకస్' షోలో సభ్యులు "ఐ యామ్ స్పార్టకస్" అని అరిచిన క్షణం ఇప్పటికీ చర్చల్లోకి వస్తుంది. ఆ ఏడు వాళ్ళు బ్లూ డెవిల్స్‌ను 0.025 తేడాతో దాటి గెలిచారు. ఆ అరుపే గెలిపించిందని ఎవరూ అనలేరు గానీ, జనం ఇంటికి తీసుకెళ్ళింది మాత్రం అదే.

అది పనిచేయడానికి కారణాలున్నాయి. పలుకు చిన్నది, అది కథలో తిరుగులేని మలుపు, దానికి ముందు సంగీతం ఖాళీ ఇచ్చింది. మీ షోలో చేసేటప్పుడు పలికేవాళ్ళను 15 గజాల లోపు గుమిగూడేలా డ్రిల్ రాయండి. మైదానమంతా పరచుకుంటే ఒక్కొక్కరి గొంతు ఒక్కో సమయానికి స్టాండ్స్ చేరి హల్లులు చెదిరిపోతాయి. ముఖాలు స్టాండ్స్ వైపే ఉండాలి. వాద్యం దించి ఊపిరి తీసుకోవడానికి ముందు రెండు కౌంట్లు, మళ్ళీ పెదవికి చేర్చడానికి తర్వాత నాలుగు కౌంట్లు ఇవ్వండి. అరుపు అయిన వెంటనే ట్రంపెట్ పై స్వరాలు రాయకండి. షోకు ఒకసారి, మహా అయితే రెండుసార్లు. మూడోసారికి అది నినాదమైపోతుంది.

పిట్ దగ్గర సూత్రధారి

ప్రత్యక్ష గొంతు కావాలనుకుంటే నా మొదటి సలహా ఇదే. తీగ ఉన్న డైనమిక్ మైకు, స్టాండ్, నురుగు విండ్‌స్క్రీన్. వైర్‌లెస్ బెడద లేదు. పక్కనే పిట్ ఉంటుంది కాబట్టి లయ దొరుకుతుంది.

మామూలు ఇంగ్లిష్ మాట నిమిషానికి 150 పదాల చొప్పున నడుస్తుంది. స్టేడియంలో 100 నుంచి 120 దాటకూడదు. 8 నిమిషాల షోలో మొత్తం మాట 60–75 సెకన్లకు మించనివ్వకండి. అంటే నూట ఇరవై పదాలు, ఐదారు ముక్కలుగా. స్క్రిప్టు రెండు పేజీలుందంటే కోత ఇంకా మొదలు కాలేదన్నమాట.

మిక్సర్‌లో గొంతు ఛానెల్‌కు 100–150 హెర్ట్జ్ దగ్గర, దాని కింది శబ్దాన్ని కోసే హై‌పాస్, 3:1 లేదా 4:1 కంప్రెషన్ చాలు. రివర్బ్ వేయకండి, దాన్ని స్టేడియమే ఇస్తుంది. సైడ్‌లైన్ దగ్గర స్పీకర్ల వెనక నిలబడి లెవెల్ పెట్టడం అన్ని బ్యాండ్‌లూ చేసే పని, ఎప్పుడూ తప్పే. ఆపరేటర్ ట్యాబ్లెట్‌తో స్టాండ్స్ పైకి వెళ్ళి, ఫుల్ బ్యాండ్ వాయిస్తుండగా లెవెల్ పెట్టి, ఫేడర్ల స్థానాలు టేపుతో గుర్తించాలి. ఆపరేటర్ ఎవరు కావచ్చు, ఎక్కడ కూర్చోవచ్చు అన్న నియమాలు కూడా పోటీని బట్టి మారతాయి.

ఈ పద్ధతి లోపం దృశ్యపరమైనది. కథ మైదానం మధ్యలో జరుగుతుంటే కళ్ళు ఒక మూల మైకు దగ్గరికి పోతాయి. సూత్రధారికి ఒక పాత్ర, ఒక వేషం, నిలబడటానికి చిన్న వేదిక ఇచ్చి షో లోపలికి తీసుకుంటే ఆ ఎడం తగ్గుతుంది. కాగితం చూసి చదవకూడదని వేరే చెప్పనక్కర్లేదు. మొదటి గాలికే అది ఎగిరిపోతుంది.

మైదానంలో తిరిగే నటుడు

అందరూ కోరుకునేది ఇది. అందుకు తగ్గ బలం కొద్దిమందికే ఉంటుంది.

మొదటి చిక్కు, నటుడు వెనక హాష్ దగ్గర మాట్లాడుతుంటే ధ్వని ముందు స్పీకర్ల నుంచి వస్తుంది. వందమందిలో మాట్లాడుతున్నది ఎవరో ప్రేక్షకుడు వెతుక్కోవాలి. అందుకే ప్రతి సంభాషణకు ముందు ఆ నటుడు ఒంటరిగా, కదిలేవాడిగా, లేదా ఎత్తు మీద కనబడాలి. చేయి పైకెత్తి మొదలుపెట్టడం పాత పద్ధతే అయినా పనిచేస్తుంది.

రెండో చిక్కు నటుడి చెవిలో ఉంది. స్పీకర్లు స్టాండ్స్ వైపు చూస్తుంటాయి. తన గొంతు స్టాండ్స్‌కు తగిలి తిరిగొచ్చేసరికి సెకనులో ఐదో వంతు గడిచిపోతుంది. తన మాట తనకే ఆ ఆలస్యంతో వినబడితే ఎంత మంచి వక్తకైనా నాలుక తడబడుతుంది, అక్షరాలు సాగుతాయి. దీన్ని రిహార్సల్ హాలులో సాధన చేయలేరు. స్పీకర్లు పెట్టి, స్టేడియంలో, వారాల తరబడి చేయించాల్సిందే. చెవిని నమ్మకుండా ఊపిరిని, డ్రమ్ మేజర్‌ను నమ్మడం నేర్పాలి. అయితే ఇందాక పిట్ గురించి చెప్పిన నియమం ఇక్కడ తిరగబడుతుంది. ధ్వని ముందు స్పీకర్ల నుంచి తక్షణం వస్తుంది కాబట్టి, వెనకున్న నటుడు చేతులకు కచ్చితంగా పలికితే బ్రాస్ కంటే ముందు వినబడతాడు. లయలో పడాల్సిన పలుకులు అతనికి ఇవ్వకండి, నిలిపిన కార్డు మీద స్వేచ్ఛగా మాట్లాడేవే ఇవ్వండి.

పరికరాల విషయానికొస్తే హెడ్‌సెట్ మైకు నోటి మూలకు రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, ముక్కు ఊపిరి దారిలో ఉండకూడదు. బాడీప్యాక్ యాంటెన్నా చర్మానికి ఒత్తుకుని వంగితే సిగ్నల్ పడిపోతుంది. టోపీ అంచు మైకు కాడను తాకితే ఆ గీకుడు స్టేడియమంతా వినబడుతుంది. 40 గజాలు పరుగెత్తిన వెంటనే వాక్యం పెడితే వచ్చేది వాక్యం కాదు, ఆయాసం. కనీసం ఎనిమిది కౌంట్ల విరామం రాయండి. ఆపరేటర్ దగ్గర డ్రిల్ సెట్ (ఒక్కో అమరిక) నంబర్ల వారీగా మ్యూట్ జాబితా ఉండాలి, మాట లేనప్పుడల్లా ఛానెల్ మూసే ఉండాలి.

అటకెక్కిన పాత వైర్‌లెస్ సెట్లు దించి వాడే ముందు ఫ్రీక్వెన్సీ చూడండి. 617–652, 663–698 మెగాహెర్ట్జ్ పరిధుల్లో వైర్‌లెస్ మైకులు వాడటాన్ని అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2020 జులై 13 నుంచి నిషేధించింది. 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు ఖాళీ స్టేడియంలో చక్కగా పనిచేసి, వేల ఫోన్లు నిండిన రాత్రి తెగిపోతాయి. పిట్‌లో తీగ మైకు ఒకటి, ఆ మాటలన్నీ వచ్చిన బదులు మనిషి ఒకరు సిద్ధంగా లేకుండా ఈ దారి పట్టకండి.

రికార్డు చేసిన గొంతు

2009 నుంచి డీసీఐ సింథసైజర్లు, శాంప్లర్లను అనుమతించాక ఇది సర్వసాధారణమైంది. హైస్కూలు బ్యాండ్‌లకు నేను సూచించేది కూడా చాలాసార్లు ఇదే. తడబాటు లేదు, గాలి లేదు, నచ్చనిది మళ్ళీ రికార్డు చేయొచ్చు.

పెద్ద తప్పు ఒకటే: ముప్పై సెకన్ల వ్యాఖ్యానాన్ని ఒకే ఫైలుగా పెట్టడం. రికార్డింగ్ టెంపో మారదు, బ్యాండ్ టెంపో మారుతుంది. ఉద్రేకంతో నాలుగు బీట్లు పరుగెత్తిన రాత్రి చివరి వాక్యం బ్రాస్ ఎంట్రీ మీద పడుతుంది. ఒక్కో వాక్యాన్ని ఒక్కో మీటకు కేటాయించండి. ప్లేయర్ సంగీతాన్ని విని మీట నొక్కుతాడు. ఒకసారి నొక్కితే చివరిదాకా ఆడేలా, రెండోది నొక్కితే మొదటిది ఆగేలా సెట్ చేయండి. పొరపాటున రెండుసార్లు నొక్కినా గొంతు మీద గొంతు పడదు.

రికార్డింగ్ చిన్న గదిలో, గోడలకు దుప్పట్లు కట్టి, మైకుకు 15 సెంటీమీటర్ల దూరంలో, గది ప్రతిధ్వని లేకుండా చేయాలి. నాటకీయంగా గుసగుసలాడకండి. గుసగుస హెడ్‌ఫోన్లలో అద్భుతంగా ఉంటుంది, స్టేడియంలో గాలి శబ్దమవుతుంది. ల్యాప్‌టాప్‌లో స్లీప్, అప్‌డేట్లు, వైఫై ఆపేయండి. ఎండలో నల్ల మూత వేడెక్కి మొరాయిస్తుంది, నీడ కల్పించండి. అవే క్లిప్పులున్న రెండో పరికరాన్ని మిక్సర్‌లో వేరే ఛానెల్‌కు కలిపి ఉంచండి.

నష్టం లేకపోలేదు. రికార్డింగ్ ఎవరి గొంతూ కాదు, మైదానంలో దానికి మనిషి లేడు. ఒక గార్డ్ సభ్యుడు ఆ మాటలు తనవే అన్నట్టు అభినయిస్తే చాలావరకు పూడుతుంది. పెదవులు కదపనక్కర్లేదు, దూరానికి అది కనబడదు. శరీరం వాక్యంతో మొదలై వాక్యంతో ఆగితే చాలు.

పాటను వేరే పద్ధతిగా లెక్కించలేదు. పదాలు అర్థం కావాలని పాట పెట్టేవాళ్ళు నిరాశపడతారు, స్వరంగా వాడుకునేవాళ్ళు బాగుపడతారు.

ఎవరికి ఏది

నలభై యాభై మంది ఉన్న బ్యాండ్‌లో నటనకు తీసిన ప్రతి వాద్యగాడూ ధ్వనిలో చిల్లే. రికార్డింగ్ మూడు నాలుగు వాక్యాలు, గార్డ్ అభినయం, ఒక గుంపు పలుకు. అంతకు మించి వద్దు. స్కూల్లో బలమైన డ్రామా విభాగం ఉంటే అక్కడి విద్యార్థిని పిట్ దగ్గర సూత్రధారిగా పెట్టండి, డ్రిల్ నేర్పాల్సిన పని తప్పుతుంది. అయితే ఆ విద్యార్థి శరత్కాలపు స్కూలు నాటకంలో కూడా ఉంటే తేదీలు ముందే సరిచూసుకోండి. పూర్తికాలపు ఆడియో సిబ్బంది, వేసవంతా రోజంతా రిహార్సల్ ఉన్న కోర్ అయితే మైదానంలో నటుడి గురించి ఆలోచించవచ్చు. కేవలం శుక్రవారం రాత్రి హాఫ్‌టైమ్ కోసమైతే ఇంత ఆలోచన అనవసరం. స్టేడియం అనౌన్సర్‌కు రెండు వాక్యాలు రాసిస్తే చాలు. పోటీల్లో అనౌన్సర్ చదివే పాఠం నిర్వాహకులదే ఉంటుంది కాబట్టి అక్కడ దాని మీద ఆధారపడకండి.

హక్కుల పని ఆలస్యమైతే అన్ని దారులూ మూసుకుపోతాయి. అమెరికాలో 1978కి ముందు ప్రచురితమైన రచనలకు కాపీరైట్ గరిష్ఠంగా 95 ఏళ్ళు ఉంటుంది. ఆ రక్షణలో ఉన్న కవిత నాలుగు పంక్తులైనా అనుమతి కావాలి. ఫెడరల్ అధికారులు విధుల్లో భాగంగా చేసిన ప్రసంగాల పాఠానికి కాపీరైట్ ఉండదు. కానీ ప్రసిద్ధ ప్రసంగాలన్నీ అలాంటివి కావు, మార్టిన్ లూథర్ కింగ్ 1963 వాషింగ్టన్ ప్రసంగం హక్కులు ఇంకా రక్షణలోనే ఉన్నాయి. పాత రేడియో గొంతును శాంప్లర్‌లో పెట్టాలంటే పాఠానికి ఒక హక్కు, రికార్డింగ్‌కు మరో హక్కు చూడాలి. జవాబు రావడానికి నెలలు పట్టొచ్చు. సొంత వాక్యాలు రాసుకోవడం చౌక, చాలాసార్లు మెరుగు కూడా.

చివరగా ఒక పరీక్ష. స్క్రిప్టు చూడని ఇద్దరు ముగ్గురిని స్టాండ్స్‌లో వేర్వేరు చోట్ల, ఒకరిని బాగా పక్కకు కూర్చోబెట్టి ఫుల్ రన్ చేయండి. విన్నది విన్నట్టు కాగితం మీద రాయమనండి. ఇద్దరికి అందని వాక్యాన్ని మొదట తిరగరాయండి, కష్టమైన హల్లుల గుంపులు తీసేయండి, కింద సంగీతం పలచన చేయండి. వారం తర్వాత మళ్ళీ అదే పరీక్ష, ఈసారి కొత్త మనుషులతో, ఎందుకంటే పాతవాళ్ళకు మాటలు తెలిసిపోయి ఉంటాయి. అప్పటికీ అందకపోతే ఆ వాక్యం తీసేసి, ఆ నాలుగు బార్లు పిట్‌కు ఇచ్చేయండి.